సీరియస్లీ, గ్రేవ్లీ, ఎర్నెస్ట్లీ, సాలెమ్లీ: ఇంగ్లిష్‌లో ఏది ఎక్కడ రాయాలి?

‘సీరియస్‌గా’ అన్న ఒక్క మాటతో తెలుగులో మనం చాలా పనులు కానిచ్చేస్తాం. పిల్లాడు సీరియస్‌గా చదువుతున్నాడంటాం. పెద్దాయనకి సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరమంటాం. అధికారులపై మంత్రి సీరియస్ అని పేపర్లో హెడ్డింగ్ పెడతాం. సీరియస్‌గా చెప్తున్నా, నవ్వకు అని కసురుకుంటాం. మొదటిది శ్రద్ధ, రెండోది ప్రాణాపాయం, మూడోది కోపం, నాలుగోది ఇది వేళాకోళం కాదని హెచ్చరిక. వినేవాళ్లకి ఎక్కడా తికమక రాదు.

ఇంగ్లిష్‌లో రాయడానికి కూర్చుంటేనే చిక్కు వస్తుంది. అక్కడ ఈ బరువునంతా ఒక్క మాట మోయదు. సీరియస్లీ, గ్రేవ్లీ, ఎర్నెస్ట్లీ, సాలెమ్లీ అనే నాలుగు క్రియావిశేషణాలు తలా కొంత పంచుకున్నాయి. మొదటి మూడింటితో ఎలాగోలా నెట్టుకొస్తాం. నాలుగోది మనకి ప్రమాణస్వీకారాల్లోనూ అఫిడవిట్లలోనూ తప్ప పెద్దగా ఎదురుకాదు. దాంతో సాలెమ్లీ అంటే పట్టుబట్ట కట్టుకున్న సీరియస్లీ అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయంతో రాస్తే ఉత్తరాలు నవ్వుల పాలవుతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందు ఏం చెప్పాలనుకుంటున్నారో తేల్చుకోండి

మీ వాక్యంలో ‘ఎంత?’ అన్న ప్రశ్నకి జవాబు కావాలంటే సీరియస్లీ రాయండి. సీరియస్లీ ఇంజూర్డ్, సీరియస్లీ ఇల్, సీరియస్లీ డ్యామేజ్డ్. ఇవన్నీ దెబ్బ ఎంత, జబ్బు ఎంత, నష్టం ఎంత అనే కొలతలు. మాటల్లో ఇది ఇంకా జారి ‘చాలా’ అనే అర్థానికి వచ్చేసింది. సీరియస్లీ రిచ్ అంటే బాగా డబ్బున్నవాడని అర్థం. వాక్యం మొదట్లో సీరియస్లీ అని, దాని తర్వాత కామా పెడితే ‘హాస్యం కాదు, వినండి’ అని. ఒక్క మాటగా, పక్కన ప్రశ్నార్థకం పెట్టి అంటే ‘నిజంగానా?’ అని. ఈ చివరి రెండూ మాట్లాడేటప్పటి వాడుకలు. దరఖాస్తుల్లోకి రానివ్వకండి.

ఇక్కడే మన తెలుగు అలవాటు రెండు చోట్ల దెబ్బతీస్తుంది. పేషెంట్ ఈజ్ సీరియస్ అని రాస్తే భారతదేశంలో అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లండ్ పాఠకుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, రోగి నవ్వడం లేదా అనుకుంటాడు. అతని కోసం రాస్తుంటే సీరియస్లీ ఇల్ అనో, ఇన్ ఎ క్రిటికల్ కండిషన్ అనో రాయండి. అమెరికా ఆసుపత్రులు ఇచ్చే సమాచారంలో సీరియస్, క్రిటికల్ అనేవి రెండు వేరువేరు మెట్లు. క్రిటికల్ అంటే పరిస్థితి ఇంకా విషమించిందని. బంధువులకి మెసేజ్ పెట్టేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకుంటే అనవసరమైన టెన్షన్ తగ్గుతుంది. రెండోది కోపం సంగతి. మినిస్టర్ వాజ్ సీరియస్ ఆన్ ది ఆఫీసర్స్ అనేది ఇంగ్లిష్ వాక్యం కాదు, తెలుగు హెడ్డింగ్‌కి ఇంగ్లిష్ చొక్కా తొడగడం. పుల్డ్ అప్ ది ఆఫీసర్స్ అంటే సరిపోతుంది.

చెడు జరిగింది, లేదా జరగబోతోంది అన్న ఛాయ కావాలంటే గ్రేవ్లీ. గ్రేవ్లీ ఇల్ అంటే బతుకుతాడన్న నమ్మకం సన్నగిల్లినట్టే. గ్రేవ్లీ మిస్టేకెన్ అంటే ఆ పొరపాటు ఎవరికో కీడు చేస్తుందని. డాక్టర్ ఎక్స్‌రే చూసి తల గ్రేవ్లీ ఊపాడని నవలలో కనిపిస్తే, తర్వాతి పేజీలో శుభవార్త ఉండదు. ఐక్యరాజ్యసమితి తీర్మానాల ఉపోద్ఘాతాల్లో గ్రేవ్లీ కన్సర్న్డ్ అనే మాట తరచూ కనిపిస్తుంది. హైదరాబాద్, విశాఖ కాలేజీల్లో మోడల్ యూఎన్ పోటీలకి, అంటే ఐక్యరాజ్యసమితి సభని అనుకరించే పోటీలకి, తయారయ్యే పిల్లలకి అది కంఠతా వచ్చే ఉంటుంది. చిన్న చిన్న విషయాలకి కూడా దాన్ని వాడి పలచన చేయకండి. ఆందోళన మామూలుదైతే కన్సర్న్డ్ ఒక్కటే చాలు.

ఎర్నెస్ట్లీ గుండెకి సంబంధించింది. ఎదుటివాడిని ఒప్పించాలనే తపన అందులో ఉంటుంది. హోప్, బెగ్, ప్రే, డిజైర్ లాంటి క్రియలతో బాగా కుదురుతుంది. ముఖం గంభీరంగా ఉండక్కర్లేదు, కళ్లలో ఆరాటం ఉంటే చాలు. టెండర్లు వేసేవాళ్లు రోజూ ఈఎండీ పేరుతో బయానాగా కట్టే ఎర్నెస్ట్ మనీకీ దీనికీ చుట్టరికం ఉందనుకోకండి. ఆ ఎర్నెస్ట్ లాటిన్‌లో బయానాకి ఉన్న మాట నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. రెండూ ఒకే స్పెల్లింగులో కలిసిపోయాయి, అంతే.

సాలెమ్లీకి కావలసింది ఒక పద్ధతి, ఒక క్రతువు, చూసేవాళ్లు. దీని లాటిన్ మూలానికి నియమం ప్రకారం ఏటేటా జరిపే మతక్రతువు అనే అర్థం ఉండేది. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. అందుకే ఇది కొలతగా పనికిరాదు. సాలెమ్లీ ఇల్ అని గానీ, సాలెమ్లీ ఇంజూర్డ్ అని గానీ ఏ ఇంగ్లిష్ రచయితా రాయడు.

నాలుగింటి తేడా చేతికి రావాలంటే ఒకే వాక్యంలో మార్చి మార్చి చూడండి. ఒక తండ్రి ఊళ్లో ఉన్న స్థలం అమ్మకం గురించి ఇంట్లో మాట్లాడాడు అనుకుందాం. ఇంగ్లిష్‌లో హి స్పోక్ అని మొదలుపెట్టండి. పక్కన సీరియస్లీ పెడితే ఈసారి మాటవరసకి కాదు, అమ్మే ఉద్దేశంతోనే ఉన్నాడు. గ్రేవ్లీ పెడితే అప్పులవాళ్లు ముంచుకొచ్చారు, లేదా స్థలం మీద కేసు పడింది. ఎర్నెస్ట్లీ పెడితే ఆయన అందరినీ బతిమాలుకుంటున్నాడు, ముఖ్యంగా ఒప్పుకోని పెద్ద కొడుకుని. సాలెమ్లీ పెడితే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, టీవీ కట్టించి, గొంతు సవరించుకుని ప్రకటించాడు. ఆ దృశ్యాల్లో మీకు కావలసింది ఏదో ముందు ఎంచుకుంటే మాట దానంతటదే దొరుకుతుంది.

స్పెల్లింగ్, ఉచ్చారణ

దీని మీద ఎక్కువ సమయం అక్కర్లేదు. సాలెమ్లీ రాసేటప్పుడు ఎస్, ఓ, ఎల్, ఇ, ఎమ్, ఎన్, తర్వాత ఎల్, వై. ఆ ఎన్ అక్షరాన్ని మింగకండి. పలికేటప్పుడు మాత్రం మింగాలి: సాలెమ్, సాలెమ్లీ. సాలెమ్న్ అని నొక్కి పలికితే వేదిక మీద నాలుక తడబడుతుంది. హిమ్, కాలమ్, ఆటమ్, కండెమ్ అన్న మాటల చివర దాక్కున్న ఎన్ కూడా ఇలాంటిదే. వెనక అచ్చు వచ్చి చేరితే అది బయటికొస్తుంది: కాలమ్నిస్ట్, కండెమ్నేషన్, అలాగే సొలెమ్నిటీ, సాలెమ్నైజ్. హిందూ వివాహ చట్టం, 1955లోని ఏడో సెక్షన్‌లో పెళ్లి జరిపించడానికి వాడిన క్రియ ఈ చివరిదే. మ్యారేజ్ సర్టిఫికెట్ల మీద కనిపించేది కూడా అదే.

ప్రమాణం రాయాల్సి వచ్చినప్పుడు

సాలెమ్లీకి అసలు ఇల్లు ఇది. ముఖ్యమైన నియమాలు కూడా ఇక్కడే ఉన్నాయి.

మొదటి నియమం కాలానికి సంబంధించింది. తెలుగులో మనం ‘ప్రమాణం చేస్తున్నాను’ అంటాం. దాన్ని ఉన్నదున్నట్టు తిప్పితే ఐ యామ్ సాలెమ్లీ స్వేరింగ్ అని వస్తుంది. స్కూల్ ఫంక్షన్లకీ అసోసియేషన్ మీటింగులకీ రాసే ప్రతిజ్ఞల్లో నేను ఎక్కువగా చూసే దోషం ఇదే. అలా అంటే పక్కన నిలబడి తనని తాను వర్ణించుకుంటున్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట అనడమే పనైపోయే చోట సింపుల్ ప్రెజెంట్ రావాలి: ఐ స్వేర్, ఐ ప్లెడ్జ్, ఐ అఫర్మ్, ఐ డిక్లేర్. సందేహం వస్తే ఒక పరీక్ష ఉంది. క్రియకి ముందు హియర్‌బై (ఇందుమూలంగా) చేర్చి చూడండి. వాక్యం నిలబడితే మీరు ప్రమాణం చేస్తున్నారు, సాలెమ్లీకి అక్కడ చోటుంది. ఐ హియర్‌బై డిక్లేర్ నిలబడుతుంది. ఐ హియర్‌బై వాక్ నిలబడదు. నడుస్తానని నోటితో అన్నంత మాత్రాన నడక అయిపోదు కదా.

సభ తరఫున మాట్లాడే వాక్యాలకి కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది. వలస పాలనకి త్వరగా, బేషరతుగా ముగింపు పలకాల్సిందేనని 1960 డిసెంబర్ 14న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 1514వ తీర్మానం చేసింది. అందులోని క్రియ సాలెమ్లీ ప్రొక్లెయిమ్స్. మోడల్ యూఎన్ పోటీలకి వెళ్లే పిల్లలు గమనించాల్సింది ఏమిటంటే, ఆందోళన చెప్పే గ్రేవ్లీ ఉపోద్ఘాతంలో ఉంటుంది, ప్రకటన చేసే సాలెమ్లీ క్రియని అంటిపెట్టుకుని ఉంటుంది.

రెండో నియమం ఏ క్రియ పక్కన పెట్టాలన్నది. దీనికి కొంచెం చరిత్ర తెలియాలి.

దేవుడి పేరు మీద ఒట్టు వేయడం స్వేర్. ఒట్టు వేయకుండా నిజమని గట్టిగా చెప్పడం అఫర్మ్. అసలు ఒట్టే పెట్టుకోవద్దని బైబిల్లో ఉన్న మాటని పట్టుకుని క్వేకర్ క్రైస్తవులు కోర్టుల్లో స్వేర్ అనడానికి నిరాకరించేవారు. వాళ్లకోసం ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దం చివర్లో వేరే వాచకం వచ్చింది. దేవుడే వద్దనే వాళ్ల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. నార్తాంప్టన్ నుంచి 1880లో పార్లమెంటుకి గెలిచిన చార్లెస్ బ్రాడ్లా నాస్తికుడు. ప్రమాణానికి బదులు అఫర్మ్ చేస్తానన్నాడు. సభ ఒప్పుకోలేదు. ఎన్నికల మీద ఎన్నికలు గెలుస్తూ పోయినా, 1886లో గానీ ఆయన్ని స్థిరంగా కూర్చోనివ్వలేదు. చివరికి 1888లో వచ్చిన ఓత్స్ యాక్ట్‌తో ఎవరైనా అఫర్మ్ చేసే హక్కు స్థిరపడింది. ఆ మరుసటి ఏడాదే ఆయన బొంబాయి కాంగ్రెస్ సభకి వచ్చాడు కూడా.

ఈ కథలో మనకి కావలసిన సంగతి ఒకటుంది. దేవుడి పేరు తీసేస్తే ఆ బరువుని దేనితో నింపాలి? బ్రిటిష్ చట్టం మూడు క్రియావిశేషణాలతో నింపింది: సాలెమ్లీ, సిన్సియర్లీ అండ్ ట్రూలీ డిక్లేర్ అండ్ అఫర్మ్. బ్రిటన్‌లో పౌరసత్వం తీసుకునేవాళ్లు 2004 నుంచి బహిరంగ కార్యక్రమంలో ప్రమాణం చేస్తున్నారు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లలో దేవుడి పేరు వద్దనుకున్నవాళ్లు చదివే కాగితంలో ఈ మూడూ వరుసగా ఉంటాయి. ముందు రోజు ఇంట్లో రెండుసార్లు బిగ్గరగా చదువుకుంటే మంచిది. సిన్సియర్లీ దగ్గర చాలామంది తడబడతారు.

మన రాజ్యాంగం కూడా ఇదే తర్కాన్ని పాటించింది. రాష్ట్రపతి ప్రమాణం ఉన్న 60వ అధికరణలోనూ, మంత్రులు, సభ్యులు, న్యాయమూర్తుల ప్రమాణాలున్న మూడో షెడ్యూలులోనూ రెండు దారులు ఒకదాని మీద ఒకటి అచ్చేసి ఉంటాయి. పైన స్వేర్ ఇన్ ది నేమ్ ఆఫ్ గాడ్, కింద సాలెమ్లీ అఫర్మ్. దేవుడు ఉన్న చోట సాలెమ్లీ లేదు, లేని చోట ఉంది. ఓత్స్ యాక్ట్, 1969 ప్రకారం కోర్టు సాక్షి చెప్పేదానికీ ఇదే అమరిక. అమెరికా వాచకం వేరు. అక్కడి అధ్యక్షుడు ఐ డూ సాలెమ్లీ స్వేర్ అంటాడు, లేదా స్వేర్ స్థానంలో అఫర్మ్ అనొచ్చు. 1853లో ఫ్రాంక్లిన్ పియర్స్ అలాగే అన్నాడు. సాలెమ్లీ రెండింటికీ ఉమ్మడి ఆస్తి.

కాబట్టి మీరు ఏ దేశపు వాచకాన్ని అనుసరిస్తున్నారో చూసుకోండి. భారతీయ పద్ధతిలో రాస్తూ సాలెమ్లీ స్వేర్ ఇన్ ది నేమ్ ఆఫ్ గాడ్ అంటే వ్యాకరణం ప్రకారం తప్పు కాదు గానీ, రెండు దారుల్లోనూ ఒకేసారి నడిచినట్టు అవుతుంది. మన కోర్టు అఫిడవిట్ల మొదటి వాక్యంలో కనిపించే సాలెమ్లీ అఫర్మ్ అండ్ స్టేట్ ఆన్ ఓత్ కూడా నా దృష్టిలో ఇలాంటి కలగాపులగమే. అఫర్మ్ చేసేవాడికి ఓత్ ఎందుకు? అయినా టైపిస్టు దగ్గరున్న ఫార్మాట్‌తో గొడవ పెట్టుకోకండి, లాయర్ ఇచ్చినట్టే ఉంచండి. మీరే సొంతంగా డిక్లరేషన్ రాసుకుంటుంటే మాత్రం ఒక్క దారి చాలు.

సొంతంగా రాసేవాళ్లకి సురక్షితమైన క్రియ ప్లెడ్జ్. అక్టోబర్ 31న జాతీయ ఐక్యతా దినోత్సవానికి స్కూళ్లలో, ఆఫీసుల్లో చదివించే ప్రతిజ్ఞ ఐ సాలెమ్లీ ప్లెడ్జ్ అని మొదలవుతుంది. నర్సింగ్ కాలేజీల్లో దీపాలు వెలిగించి చదివే నైటింగేల్ ప్రతిజ్ఞ కూడా అంతే. అది 1893 నాటిది. ప్లెడ్జ్‌లో దేవుడున్నా లేకపోయినా ఇబ్బంది లేదు.

వాక్యంలో ఎక్కడ పెట్టాలి

తెలుగులో కర్మ ముందు, క్రియ చివర. మధ్యలో ‘గంభీరంగా’ హాయిగా ఇమిడిపోతుంది: ప్రమాణాన్ని గంభీరంగా చదివాడు. ఇంగ్లిష్‌లో క్రియకీ కర్మకీ మధ్య ఈ మాటకి చోటు లేదు. హి రెడ్ సాలెమ్లీ ది ఓత్ అనకూడదు. క్రియకి ముందు పెట్టండి, లేకపోతే కర్మ దాటాక పెట్టండి. సీరియస్లీకి కూడా ఇదే సూత్రం. టేక్ దిస్ సీరియస్లీ అంటారు, టేక్ సీరియస్లీ దిస్ అనరు.

ప్రమాణ వాక్యంలోనైతే క్రియకి సరిగ్గా ముందు. డూ ఉంటే డూ తర్వాత. హ్యావింగ్ ఉంటే హ్యావింగ్ తర్వాత. మన రాజ్యాంగ పీఠిక చూడండి: వీ, ది పీపుల్ ఆఫ్ ఇండియా, హ్యావింగ్ సాలెమ్లీ రిజాల్వ్డ్. స్కూల్ పుస్తకాల్లో అచ్చయ్యే వాక్యమే. అక్కడి నుంచి న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ దాటుకుంటూ పోయి, చివర్న 1949 నవంబర్ 26 తేదీ చెప్పాక అసలు క్రియలు వస్తాయి. అంత పొడుగు వాక్యంలో సాలెమ్లీ మొదట్లోనే పడింది కాబట్టి ఆ గొంతు చివరి దాకా నిలబడింది. అదే మాట వాక్యం చివర్లో పెట్టి చదవండి, కూలిపోతుంది.

క్రియావిశేషణం చోటు తప్పితే ఏమవుతుందో 2009 జనవరి 20న ప్రపంచమంతా టీవీల్లో చూసింది. అమెరికా అధ్యక్ష ప్రమాణం మొత్తం 35 మాటలు. అందులో సాలెమ్లీ ఒకచోట, ఫెయిత్‌ఫుల్లీ ఒకచోట. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ చేతిలో కాగితం లేకుండా గుర్తున్నది చెప్పిస్తున్నారు. సాలెమ్లీ క్షేమంగా గట్టెక్కింది. ఫెయిత్‌ఫుల్లీ మాత్రం ఎగ్జిక్యూట్‌కి ముందు రావాల్సింది, వాక్యం చివరికి వెళ్లిపోయింది. బరాక్ ఒబామా ఒక క్షణం ఆగిపోయారు. తర్వాత సర్దుబాటు చేసే ప్రయత్నంలో ఇంకొంచెం కలగలిసింది. అర్థం మారిందా అంటే, లేదు. కానీ వాచకాన్ని అక్షరాలా రాజ్యాంగమే ఇచ్చింది కాబట్టి, ముందుజాగ్రత్తగా మర్నాడు వైట్ హౌస్‌లోని మ్యాప్ రూమ్‌లో ప్రమాణం మళ్లీ చేయించారు. మీ కాలనీ కమిటీ ప్రమాణానికి అంత పట్టింపు ఉండదు. అయినా చెప్పించేవాళ్ల చేతిలో కాగితం పెట్టండి. వాక్యాన్ని మూడు నాలుగు మాటల చొప్పున విరిచి రాయండి, సాలెమ్లీ దాని క్రియ నుంచి విడిపోకుండా చూడండి. ఐ డూ సాలెమ్లీ అని ఆపి, స్వేర్ తర్వాతి ముక్కలో చెప్పిస్తే, తిరిగి చెప్పేవాళ్లకి ఊపిరి అందదు.

చివర్లో పెట్టి కూడా మెప్పించిన ఉదాహరణ ఒకటుంది. వైద్యుల కోసం ప్రపంచ వైద్య సంఘం 1948లో రూపొందించిన జెనీవా ప్రకటనకి ఇప్పుడున్న రూపం 2017 నాటిది. అది ఐ మేక్ దీజ్ ప్రామిసెస్ సాలెమ్లీ, ఫ్రీలీ, అండ్ అపాన్ మై ఆనర్ అంటూ ముగుస్తుంది. కర్మ దాటాక వచ్చింది, ఒంటరిగా కాకుండా మూడింటి గుంపులో వచ్చింది. ఒక్క సాలెమ్లీతో వాక్యం ముగిసి ఉంటే తెగిపోయినట్టు ఉండేది. చివర పెట్టాలని మీకు ముచ్చటగా ఉంటే ఇలా తోడు ఇచ్చి పెట్టండి.

కథలో, వర్ణనలో

ప్రమాణాలు దాటి బయటికొస్తే ఈ మాట ముఖాన్నీ నడకనీ వర్ణిస్తుంది. నాడెడ్ సాలెమ్లీ, షుక్ హ్యాండ్స్ సాలెమ్లీ, లుక్డ్ ఎట్ మీ సాలెమ్లీ. కర్మ లేని క్రియ అయితే వెనక పెట్టడమే సహజం.

నిజంగా గంభీరమైన చోట దీన్ని వాడకపోవడమే మేలు. శవం వెనక బంధువులు సాలెమ్లీ నడిచారని రాస్తే పాఠకుడికి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఇంకెలా నడుస్తారు? ఆ మాట కొట్టేసి, ఎవరు చెప్పులు వేసుకోవడం మర్చిపోయారో, ఎవరు ఫోన్ సైలెంట్‌లో పెట్టారో రాయండి. డైలాగ్ పక్కన హి సెడ్ సాలెమ్లీ అని తగిలించడం కూడా ఇలాంటిదే. డైలాగ్‌లో బరువుంటే ఆ తోక దండగ, లేకపోతే తోక వల్ల బరువు రాదు.

మంచి ఇంగ్లిష్ రచయితలు దీన్ని ఎక్కువగా ఎక్కడ వాడతారో గమనించండి. పిల్లల దగ్గర, తాగినవాళ్ల దగ్గర, పిల్లుల దగ్గర. అంటే క్రతువు అక్కర్లేని చోట ఎవరో క్రతువులాగా ప్రవర్తించినప్పుడు. పెద్దమనిషి తీరు, చిన్న వస్తువు. ఆ రెండింటి మధ్య ఎడమే హాస్యం.

దీన్ని రాయడానికి ఒక కిటుకు ఉంది. నాలుగేళ్ల పిల్లాడు ఇంటికొచ్చిన చుట్టానికి సగం కొరికిన బిస్కెట్ ఇచ్చాడనుకోండి. ది బాయ్ సాలెమ్లీ హ్యాండెడ్ మీ హాఫ్ ఎ బిస్కెట్ అని రాయండి. సాలెమ్లీ ముందు వచ్చేసరికి పాఠకుడు ఏదో ముఖ్యమైనది చేతికొస్తుందని చూస్తాడు. చివర్న సగం బిస్కెట్ వస్తుంది. ఇదే వాక్యంలో సాలెమ్లీని చివరికి తోసేస్తే, బిస్కెట్ ముందే కనబడిపోయి, జోక్‌కి వివరణ ఇచ్చినట్టు మిగులుతుంది. కాబట్టి క్రియకి ముందు క్రియావిశేషణం, అట్టడుగున చిన్న వస్తువు. ఆ పక్కన ఫన్నీ అనో, విత్ ఎ స్మైల్ అనో చేర్చకండి. నవ్వాల్సింది పాఠకుడు, పాత్ర నవ్వకూడదు.

ఒక కథలో ఒకసారి చాలు. రెండో పేజీలో కుక్క కూడా సాలెమ్లీ తోక ఊపితే కిటుకు బయటపడిపోతుంది.

ఉత్తరాల్లో, ఆఫీస్ మెయిల్స్‌లో

పైన చెప్పిన హాస్యం మనకి తెలియకుండా పుట్టే చోటు ఇది. ఐ సాలెమ్లీ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ టూ డేస్ లీవ్ అని రాసినవాడు మర్యాద ఎక్కువ చేశాననుకుంటాడు. ఇంగ్లిష్ బాగా చదివే మేనేజర్‌కి మాత్రం చేయి పైకెత్తి నిలబడి రెండ్రోజుల సెలవు అడుగుతున్న మనిషి కనిపిస్తాడు. బిస్కెట్ వాక్యం నిర్మాణమే ఇది, రచయిత మాత్రం అనుకోకుండా పాత్ర అయ్యాడు. సెలవు చీటీకి ఐ రిక్వెస్ట్ చాలు. ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ అంటే ఇంకా బాగుంటుంది.

బతిమాలడం నిజంగా అవసరమైతే, అంటే ఫీజు గడువు పొడిగించమనో, రద్దయిన సీటు తిరిగి ఇవ్వమనో అయితే, ఎర్నెస్ట్లీ రిక్వెస్ట్ వాడొచ్చు. కొంచెం పాతకాలపు వాసన ఉంటుంది గానీ తప్పు కాదు. హంబ్లీ రిక్వెస్ట్ మన దేశంలో చెల్లుబాటవుతుంది. బయటి దేశాల యూనివర్సిటీలకి రాసేటప్పుడు వదిలేయండి. ఫిర్యాదులో ఐ యామ్ సీరియస్లీ డిస్అప్పాయింటెడ్ కన్నా, ఏం జరిగిందో తేదీతో సహా రాయడం ఎక్కువ పనిచేస్తుంది. ఉత్తరం కింద పెట్టే మాటలకి బ్రిటిష్ పద్ధతి ఒకటుంది. డియర్ సర్ అని మొదలుపెడితే యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, పేరుతో మొదలుపెడితే యువర్స్ సిన్సియర్లీ. అమెరికాకి రాసేటప్పుడు సిన్సియర్లీ ఒక్కటి చాలు.

ఆఫీసులో సాలెమ్లీ నిజంగా అవసరమయ్యే కాగితాలు చాలా తక్కువ. స్టాంపు పేపరు మీద ఇచ్చే డిక్లరేషన్లు, నోటరీ ముందు సంతకం చేసే అఫిడవిట్లు, పదవీ ప్రమాణాలు, అంతే. వాటిలో కూడా చట్టం ముందు మిమ్మల్ని నిలబెట్టేది ఆ క్రియావిశేషణం కాదు, కింద పెట్టిన సంతకం. కాబట్టి డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఆ మాట ఉన్న ప్రతిచోటా మూడు విషయాలు చూసుకోండి. క్రియకి ముందు హియర్‌బై నిలుస్తోందా? ఎదురుగా వినేవాళ్లుగానీ సాక్షులుగానీ ఉన్నారా? దేవుడి పేరు కూడా అదే వాక్యంలో దూరిందా? మొదటి రెండింటికి అవును, మూడోదానికి కాదు అని వస్తే ఉంచండి. మిగతా చోట్ల కొట్టేసి వాక్యాన్ని మళ్లీ చదవండి. చాలావరకు వేరే మాట పెట్టాల్సిన అవసరం కూడా ఉండదు.